ఆ పంతొమ్మిదే ఈ పంతొమ్మిదా

ఫెర్రీ ర్యాంపు పైకెత్తేశారు, ఇక దిగడానికి లేదు, బ్రెమర్టన్ వచ్చేదాకా ఈ గంటసేపూ నేను, ఈ కిటికీ పక్క బల్ల, బల్ల మీద ఎవరో సగం పేర్చి వదిలేసిన బొమ్మ ముక్కలు, ఒడిలో సంచి, సంచిలో పాత తువ్వాలులో చుట్టిన ఎల్డన్ ప్రూయిట్ గారి డిస్కు. అవతలి ఒడ్డున ఆయన నిలబడి ఉంటాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నేనెప్పుడూ చూడని మనిషి, నా మూలంగా పదకొండు నెలల శబ్దం పోగొట్టుకుని, అదంతా తన చేతకానితనమే అనుకుని, పైగా నాకే క్షమాపణ చెప్పుకున్న మనిషి. నేను నోరు విప్పకపోతే ఆయన అలాగే అనుకుంటాడు, బతికినన్నాళ్ళూ అనుకుంటాడు. చెప్పాలి, చెప్పి తీరాలి, అని సియాటిల్ రేవులో మెట్లెక్కుతూ ఎంత గట్టిగా అనుకున్నానో, పడవ నాలుగు గజాలు కదిలేసరికి ఆ గట్టితనం ఎటు పోయిందో తెలియదు. డిస్కు చేతిలో పెట్టి, నాలుగు నెలలు దొరికాయి, ఏడు దొరకలేదు, సారీ, అని చెప్పి ఇదే పడవలో వెనక్కి తిరిగితే ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. ఆయనైతే థాంక్స్ చెప్పి చేతిలో ఓ స్మోక్డ్ సాల్మన్ చేప పొట్లం కూడా పెడతాడు, మెయిల్‌లో రాశాడు, మీకోసం తెస్తున్నానని. ఆ పొట్లం తీసుకుని నేను ఇంటికెలా వెళ్తాను?

వాన సన్నగా పడుతోంది, నవంబరు, నీళ్ళూ ఆకాశమూ ఒకే బూడిదరంగు. ఏం పని చేస్తావని అడిగినవాళ్ళకి కంప్యూటర్ల పని అంటాను, వాళ్ళింట్లో ప్రింటర్ సంగతి ఎత్తేలోపు మాట మార్చేస్తాను. నిజానికి నేను చూసుకునేది కెర్నెల్‌లో ఒక మూల. కెర్నెల్ అంటే యంత్రంలో అన్నిటికన్నా అడుగున ఉండి, ఏ ప్రోగ్రాముకి ఏది కావాలన్నా తన చేతి మీదుగానే అందించే పెద్దమనిషి. ఫైలు కావాలంటే దాన్నే అడగాలి. కానీ కొందరు, ఫైళ్ళు ఎక్కడ ఎలా ఉంచాలో చూసుకునే ఫైల్ సిస్టమ్‌ని తామే రాసుకుంటారు, కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాములా నడిచేట్టు. అప్పుడు అడిగినవాణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టి, కెర్నెల్ బయటికెళ్ళి ఆ ప్రోగ్రాముని అడిగి జవాబు తెచ్చి ఇవ్వాలి. ఆ గుమ్మమే నా మూల. పదహారేళ్ళుగా ఊడుస్తున్నాను. బయటి ప్రోగ్రాము పలికినంతసేపూ గొడవ లేదు, అది ఉలుకూ పలుకూ లేకుండా పడిపోయిందా, అడిగినవాళ్ళందరూ గుమ్మంలోనే ఉండిపోతారు, లేవరు, చంపుదామన్నా చావరు, యంత్రం మొత్తం ఆర్పితే తప్ప వాళ్ళకి విముక్తి లేదు. ఎవరి యంత్రమో బిగుసుకుపోతుంది, ఎవరో నన్ను తిడుతూ మెయిల్ రాస్తారు. అందుకే రెండేళ్ళు కూర్చుని ఆ ప్యాచ్ రాశాను. ప్యాచ్ అంటే పాత కోడ్‌కి వేసే మాసిక. పడిపోయిన ఫైల్ సిస్టమ్‌ని బలవంతంగా ఊడదీసి, కాచుక్కూర్చున్న ప్రతివాడికీ జవాబు రాదు, లేచి వెళ్ళు, అని చెప్పే ప్యాచ్.

ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. స్పోకేన్‌లో మా ఇల్లు, నాకు ఎనిమిదేళ్ళు, నాన్న లారీ నడిపేవాడు, శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు, ఆయన వస్తేనే భోజనం. ఒక శుక్రవారం రాలేదు. అమ్మ కంచాలు సర్ది కూర్చుంది, ఓవెన్‌లో కూర ఎండిపోయింది, నేను కుర్చీలో కాళ్ళూపుతూ కిటికీ వైపు చూస్తున్నాను, ఆకలేస్తోందని అంటే అమ్మకి కోపమొస్తుందని అనడం లేదు. మరుసటి శుక్రవారమూ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే. మూడో వారం ట్రూడీ పిన్ని వచ్చి, కోటైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "వాడు రాడే. ఇంక రాడు. పిల్లకి పెట్టి నువ్వూ తిను" అంది. అమ్మ పిన్నిని ఎన్ని మాటలందో. అని, ఏడ్చి, మొహం కడుక్కుని నాకు పెట్టింది, తనూ తింది. ఆ రాత్రి అన్నం రుచి నాకిప్పటికీ గుర్తుంది అంటే అబద్ధం, ఆవ ఘాటు మాత్రం గుర్తుంది, హాం మాంసం మీద అమ్మ ఎప్పుడూ ఆవ ఎక్కువ రాసేది. ఆ ప్యాచ్ రాసినన్నాళ్ళూ ట్రూడీ పిన్ని గొంతే నా చెవిలో ఉందని ఎవరికి చెప్పను, మా లిస్ట్‌లో చెబితే నవ్విపోతారు. మా పనంతా ఆ మెయిలింగ్ లిస్ట్‌లోనే, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో, మొహాలు తెలియవు, ఒకళ్ళ తప్పులొకళ్ళు నలుగురిలో పట్టుకోవడమే మా మర్యాద.

"ఈ సీటులో ఎవరైనా ఉన్నారా?" ఊదారంగు ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ. లేరన్నాను. ఎదురుగా కూర్చుని కాఫీ కప్పు పక్కన పెట్టి బొమ్మ ముక్కలు దగ్గరికి లాక్కుంది. "మీ వైపు ఆకాశం ముక్కలేమైనా ఉన్నాయేమో చూడండి. నేను వారానికి నాలుగుసార్లు ఎక్కుతాను, అందరూ పడవలు పేర్చేసి పోతారు, ఆకాశం మాత్రం నా నెత్తినే." ఒక నీలం ముక్క దొరికితే ఇచ్చాను. నా మొహంలోకి ఒకసారి చూసి, "ఇంటర్వ్యూకా?" అంది. కాదన్నాను. "కోర్టుకా?" కాదు, ఒకాయన్ని కలవడానికి. "ఓహో," అంది, ఆ ఓహో చాలా పొడుగ్గా ఉంది, "అయితే దిగేముందు ఆ జుట్టు కాస్త దువ్వుకో తల్లీ." నవ్వొచ్చింది. యాభై నాలుగేళ్ళు నాకు. దువ్వెన కూడా తేలేదు.

అంతవరకూ ఆ ప్యాచ్‌లో తప్పు లేదు. ఊడదీయడం దాకా బాగానే ఉంది, మళ్ళీ తగిలించడం దగ్గరే నా బుద్ధి వంకర తిరిగింది. బుద్ధి కూడా కాదు, జాలి. గుమ్మంలో కూర్చున్నవాళ్ళు ఉత్త చేతుల్తో ఉండరు, ఫైల్లో రాయమని ఇచ్చినదేదో ఉంటుంది, కెర్నెల్ దాన్ని జ్ఞాపకంలో పట్టుకుని ఉంటుంది, ఇంకా డిస్కు మీదికి పోలేదు. బలవంతంగా ఊడదీసినప్పుడు దాన్ని పారేయాలి, పద్ధతి అదే. పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఎవరి కష్టమో, ఎవరి ఉత్తరమో, ఎవరి లెక్కో. దాచిపెట్టాను. ఫైల్ సిస్టమ్ మళ్ళీ తగిలించగానే, ఏ నంబరు ఫైలుకి ఇచ్చారో ఆ నంబరు ఫైల్లోకే ఒంపేసేట్టు రాశాను. ఎంత బాగా చేశాననుకున్నానో. కానీ కొత్తగా లేచిన ప్రోగ్రాముకి పాత సంగతులేం తెలుసు, అది తన ఫైళ్ళకి మళ్ళీ ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటుంది. నిన్నటి పంతొమ్మిది ఒక ఫైలు, ఇవాళ్టి పంతొమ్మిది ఇంకొకటి. అందుకే నంబరుతో పాటు ఇది ఏ విడతదో కూడా చూడాలి, మిగతా అన్ని దారుల్లోనూ చూశాను, ఒంపే దారిలో మాత్రం చూడలేదు. ఒక్క వరుస. ఒకే ఒక్క పోలిక. మా పనిలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే మాటే అది.

మే నెలలో ప్యాచ్ ఇంకా చర్చలో ఉండగా ఎల్డన్ గారు రాశాడు. ఒకే ఒక్క ప్రశ్న. ఊడదీసి మళ్ళీ తగిలించాక, ఆ పంతొమ్మిదే ఈ పంతొమ్మిది అని మీకెలా తెలుస్తుంది? అంతే. ఉదాహరణకి ఆయన పంతొమ్మిదే ఎందుకు తీసుకున్నాడో తెలియదు. నీలం అక్షరాలు, పెద్దవి, వంకరగా, కింద ఓర్కా తిమింగలం బొమ్మ, దాని కింద షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు, నీళ్ళలో చప్పుళ్ళు పట్టే సోనార్ పరీక్షించిన హోదా, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా. మా లిస్ట్ రంగుల మెయిళ్ళని లోపలికి రానివ్వదు, సాదా అక్షరాలే ఉండాలి, లేకపోతే చెప్పాపెట్టకుండా పారేస్తుంది, కాబట్టి అది లిస్ట్‌లో ఎవరికీ చేరలేదు, నాకు నేరుగా పంపాడు గనుక నాకొక్కదానికే చేరింది. నేను చదివానా? చదివానని చెప్పుకోలేను. నీలం అక్షరాలు చూశాను, తిమింగలాన్ని చూశాను, ఒక మీట నొక్కాను. ఆ మీటకి ఒక జవాబు కట్టి పెట్టుకున్నాను, సాదా అక్షరాల్లో రాయండి, జవాబు పైన కాదు కింద రాయండి, తాజా కెర్నెల్ మీద చేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు పుల్‌మన్‌లో, యూనివర్సిటీ లాబ్‌లో, నా మొట్టమొదటి ప్యాచ్‌కి ఎవడో ఇలాంటి జవాబే ఇచ్చాడు, ముందు నియమాలు చదువు, తర్వాత మా టైము తిను, అని. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. నేను ఎప్పటికీ ఎవరితోనూ ఇలా మాట్లాడను అని అద్దంలో చూసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళకి అదే జవాబు ఒక మీట కింద కట్టిపెట్టి, రోజుకి ఆరుసార్లు నొక్కుతున్నాను, మర్యాదగానే రాశాను కదా అనుకుంటూ.

ఆయన మళ్ళీ రాయలేదు. ఆగస్టులో ప్యాచ్ కొత్త కెర్నెల్‌తో పాటు లోకంలోకి వెళ్ళింది, అభినందనలొచ్చాయి, ఒక కేకు కూడా కొనుక్కున్నాను, ఒక్కదాన్నే నాలుగు రోజులు తిన్నాను. సెప్టెంబరులో లిస్ట్‌కి ఆయన నుంచి ఒక మెయిల్ వచ్చింది. సాదా అక్షరాలు. వరుసకి డెబ్బై రెండు అక్షరాలు దాటకుండా విరిచినవి. తిమింగలం లేదు. ఇలా రాశాడు. మా ఇంటి రేవు కింద నీళ్ళలో ఒక మైకు వేసి పంతొమ్మిదేళ్ళుగా వింటున్నాను, నాలుగు పాత డిస్కుల్ని ఒకటిగా చూపించే ఫైల్ సిస్టమ్ నేనే రాసుకున్నాను, ఒక తీగ వదులై అది బిగుసుకుపోతే ఊడదీసి తగిలించే చిన్న ప్రోగ్రాము, ఆ స్క్రిప్టు కూడా నాదే. మొన్న శని ఆదివారాల్లో అలా పదకొండుసార్లు జరిగింది, ప్రతిసారీ కొత్త శబ్దం ఒక పాత నెల మీద పడి దాన్ని తినేసింది. కెర్నెల్ తప్పేమో అని మొదట అనుమానించాను కానీ ఆ ప్రశ్న ఇదివరకే అడిగి మీ విలువైన సమయం పాడుచేశాను. ఎన్నిసార్లు చూసుకున్నా స్క్రిప్టులో తప్పు కనపడటం లేదు, కనపడకపోవడమే నా వయసుకి గుర్తు. మైకు నీళ్ళలోంచి తీసేశాను, ఇలాంటి పనులు ఇక నా బుర్రకి అందవు. గోల చేసినందుకు క్షమించండి. మా లిస్ట్‌లో అందరూ చివర రాసే మాటే అది, గోల చేసినందుకు క్షమించండి, తమ తప్పు తాము కనిపెట్టుకున్నాక రాసే మాట. ఆయన ఆ అలవాటు కూడా నేర్చుకున్నాడు. ప్రతిసారీ కొత్తది పాత నెల మీద పడిందన్న మాట చూడగానే అది నా ప్యాచ్ తప్పేనని తెలిసిపోయింది నాకు, కోడ్ తెరవక ముందే తెలిసిపోయింది.

ఆ నెలలున్న డిస్కు పంపండి, ఏమైనా తీయగలనేమో చూస్తాను, అని రాశాను. అంతే రాశాను. మీరు దేవత అని జవాబిచ్చాడు. ఆ మాటకి నేను చేసిన పని, మెయిల్ మూసేసి గిన్నెలు కడుక్కోవడం. మూడు వారాలు ఆ డిస్కుతోనే గడిపాను. కొత్తది పడిన చోట పాతది పోయింది, అక్కడ దేవుడు కూడా ఏం చేయలేడు, పడని మూలల్లో మాత్రం ముక్కలు మిగిలాయి, వాటిని ఒక్కొక్కటీ అతికించి నాలుగు నెలలు తీశాను. అతుకు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే వినాలి. మధ్యాహ్నాలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేదాన్ని. ఎక్కువసేపు ఏమీ ఉండదు. నీళ్ళ మీద వాన, పెనంలో నూనె చిటపటలాడినట్టు. రొయ్యలేవో టకటకమంటాయి. గంటకోసారి ఈ ఫెర్రీ, ముందు దూరంగా ఒక గురక, తర్వాత అన్నిటినీ మింగేసే హోరు, మళ్ళీ తగ్గిపోయి వాన. ఒకరోజు, 2009 మార్చి, హోరు తగ్గాక ఒక సన్నటి తిమింగలం పిలుపు, కింది నుంచి పైకి లాగినట్టు, దానికి జవాబుగా ఇంకోటి. హెడ్‌ఫోన్లు తీసేసి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. దాని తర్వాతి నెల నాకు దొరకలేదు. ఏప్రిల్ లేదు. ఆ రెండూ ఎటు వెళ్ళాయో, మళ్ళీ పిలిచాయో లేదో, ఆయన విని ఉంటాడు, ఇక ఎవరూ వినరు.

మార్సెల్‌కి పొద్దున రేవులోంచి ఫోన్ చేశాను. అతనూ నేనూ కలిసే ఆ మూలని చూసుకుంటాం, కెబెక్‌లో రిముస్కీలో ఉంటాడు, పదేళ్ళ స్నేహం, రెండుసార్లు చూసుకున్నాం. సరిచేసే ప్యాచ్ సిద్ధంగా ఉంది, పరీక్షలన్నీ నెగ్గింది, దాని మీద రాసే మాట దగ్గరే పేచీ. ఏ ప్యాచ్‌కైనా పైన కథ రాయాలి, కింద పేర్లు రాయాలి, ఏ పాత ప్యాచ్ తప్పుని దిద్దుతోందో, ఎవరు కనిపెట్టారో. నా లాప్‌టాప్‌లో రెండు ఉన్నాయి. ఒకదాంట్లో కథంతా ఉంది, నా ప్యాచ్ పేరు ఉంది, కనిపెట్టినవారు ఎల్డన్ ప్రూయిట్ అని ఉంది. రెండోదాంట్లో, ఒంపే దారిలో విడత పోలిక చేర్చి గట్టిపరచడమైనది, అని ఒక్క వాక్యం. రెండూ అబద్ధం కాదు, అదే దాని సుఖం.

"రెండోది పంపు," అన్నాడు మార్సెల్, "ఆయనే నాదే తప్పు అన్నాడుగా, మధ్యలో నీకేం పుట్టింది?"

"ఆయన తప్పు కాదు కదా."

"నెలలు తిరిగొస్తాయా చెబితే? రావు. వచ్చేది నీ మీదికి జనం. ఇంక నువ్వు రాసిన ప్రతిదీ తవ్వుతారు." గొంతు తగ్గించాడు. "ఆ ప్యాచ్ కింద, చూశాను బాగుంది, అని నా పేరు కూడా ఉంది, గుర్తుందా?"

"ఉంది."

"చూడలేదు లోర్నా. నువ్వు రాశావు కదా అని పేరు పెట్టేశా. ఆ వారం మా ఇంటి కప్పు కారుతోంది." నేను సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. "పంపితే కాదనను, పంపకపోతే అడగను," అని పెట్టేశాడు. కోపమేం రాలేదు, అతని ప్యాచ్‌ల కింద నేను చూడకుండా పెట్టిన పేర్లెన్నో లెక్కపెట్టుకుంటే కోపానికి చోటెక్కడ.

పడవ నెమ్మదించింది. ఇరుకు జలసంధి, ఇటూ అటూ ఒడ్డు దగ్గరికొచ్చేసింది, ఇళ్ళు, చెక్క రేవులు, తడిసిన ఫర్ చెట్లు, ఒక గుమ్మంలో కుక్క కూడా కనిపిస్తోంది. వీటిలో ఏదో ఒకటి ఆయనది. నేను మధ్యాహ్నాలు విన్న హోరు ఇదే, ఇప్పుడు దాని లోపల కూర్చుని ఉన్నాను, కింద ఇంజను బల్లని సన్నగా వణికిస్తోంది, నీళ్ళలో మాత్రం వినేందుకు ఇప్పుడు మైకు లేదు. చెబితే ఏమవుతుంది, ఆయన అరుస్తాడు. అరవనీ. అరవకుండా, తలూపి, పోనీలెండి అంటే? అదే భయం నాకు. అరిచినవాళ్ళని ఓర్చుకోగలను, గస్ లాంటి వాళ్ళనే ఓర్చుకోలేను. గస్ ఎందుకు గుర్తొచ్చాడిప్పుడు. నాన్న వదిలేసి వెళ్ళిన రెండేళ్ళకి అమ్మ గస్‌ని చేసుకుంది, స్కూళ్ళకి బాయిలర్లు బాగుచేసే మనిషి, నెమ్మదైన మనిషి, వచ్చి నాన్న కుర్చీలోనే కూర్చున్నాడు, ఇంకో కుర్చీ లేక. నాన్న కోసం రెండేళ్ళు దాచిపెట్టుకున్నవన్నీ నేను ఆయన మీద ఒంపేశాను. ఎక్కడికి పోయావు, మేం గుర్తు రాలేదా, నువ్వంటే నాకసహ్యం, అన్నీ, ఒక్క సాయంత్రం, కంచాల ముందు. ఆయన చెంచా కింద పెట్టి, "నేను చేయనిదానికి నన్ను తిట్టావు తల్లీ, ఫరవాలేదు, నేను మోస్తాలే," అన్నాడు. మోశాడు కూడా. ఇరవై ఆరేళ్ళు మోశాడు, ఒక్కసారైనా ఎత్తి చూపలేదు, నేనూ ఒక్కసారైనా అది నీది కాదు గస్ అని చెప్పలేదు, చెబుదామనుకున్న క్రిస్మస్‌కి ముందు పోయాడు. చేయని తప్పుని మోసే మంచివాళ్ళ మీద బతికేస్తున్నాను నేను. ఒకాయన అయ్యాడు, ఇప్పుడు ఇంకొకాయన.

లాప్‌టాప్ తీశాను. ఇంటర్నెట్ ఉందో లేదో అన్నట్టుంది, ఒక గీత, పోయి మళ్ళీ వచ్చింది. మొదటిదే తెరిచాను. కథలో ఒక వాక్యం కలిపాను, ఈ లోపాన్ని ఎల్డన్ ప్రూయిట్ గారు మే నెలలోనే ప్రశ్నించారు, మెయిల్ రంగులు చూసి నేను చదవకుండా తిప్పి పంపాను, అని. మళ్ళీ చదివాను. తీసేద్దామనిపించింది. తీసేస్తే రేవులో ఆయన ముందు నోరు పెగలదని నాకు తెలుసు, నన్ను నేనెరుగుదును, సాల్మన్ పొట్లం పుచ్చుకుని నవ్వుతాను. లిస్ట్‌కి వెళ్ళినది వెనక్కి రాదు, మా లోకంలో గట్టి సంగతి అదొక్కటే. పంపు అన్న మీట నొక్కాను. గీత మాయమైంది. పడవ మలుపు తిరుగుతోంది, ఇళ్ళు వెనక్కి పోతున్నాయి, తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, రాకపోతే మంచిదేమోనని ఒక్క క్షణం నిజంగా మొక్కుకున్నాను, సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. గీత వచ్చింది. మెయిల్ వెళ్ళిపోయింది. ఎదురుగా పెద్దావిడ, "ఏమైంది, రానన్నాడా?" అంది. "వస్తాడు," అన్నాను. ఆవిడ తన సంచిలోంచి దువ్వెన తీసి బల్ల మీద పెట్టింది.

షిప్‌యార్డు క్రేన్లు, బూడిదరంగు యుద్ధనౌకలు, కార్లవాళ్ళు కిందికి దిగండని మైకులో గొంతు, తర్వాత వంతెన మీద అందరి బూట్ల చప్పుడు. ఆయన్ని గుర్తుపట్టడానికి కష్టపడక్కర్లేకపోయింది, వాన కోటు, సన్నగా పొడుగ్గా, ఒక చెవి కాస్త ముందుకి వంచి నిలబడ్డాడు, జీవితమంతా విన్నవాళ్ళలాగా. చేతిలో పొట్లం.

"లోర్నా గారేనా? మెయిళ్ళలో ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నా."

"ఎల్డన్ గారూ, అది నాకివ్వకండి. ముందు నా మాట వినండి." నిలబడే చెప్పాను, జనం మమ్మల్ని తోసుకుంటూ వెళ్తుంటే, ఆగకుండా, మే నెల ప్రశ్న నుంచి ఇందాకటి మెయిల్ దాకా. దొరకని ఏడు నెలల సంగతి కూడా. మీ స్క్రిప్టులో తప్పు లేదు, తప్పు నాది, సెప్టెంబరు నుంచీ తెలుసు నాకు, తెలిసి కూడా ఇన్నాళ్ళు చెప్పలేదు. ఆయన అరవలేదు. పోనీలెండి అనలేదు.

"ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

"మే నెలలో మీరడిగిన..."

"అది కాదు. స్క్రిప్టు గురించి చెప్పారే, అది."

"మీ స్క్రిప్టులో ఏ తప్పూ లేదు."

అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు, పొట్లం పక్కన పడిపోయినా చూసుకోలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మీట తప్పు నొక్కలేదమ్మా నేను. అది జరిగాక ఆ స్క్రిప్టు రెండొందలసార్లు చదివా. తప్పుందని తెలుసు, కనపడదు. బుర్ర పోతోందనుకున్నా. మా నాన్నకీ అలాగే మొదలైంది. మా అమ్మాయి డాక్టర్ల దగ్గరికి తిప్పింది, వాళ్ళు మతి పరీక్షకి గడియారం బొమ్మ వేయమంటారు, వేస్తుంటే గీతలు వంకరపోయాయి, భయానికి. అక్టోబరులో కారు తాళాలు నేనే తీసి దాని చేతిలో పెట్టా, ఎవర్నైనా గుద్దేస్తానేమోనని. వచ్చే నెలకి ఇల్లు అమ్మేసి దాని దగ్గరికి వచ్చేస్తానని మాటిచ్చా." ఏడు నెలల గురించి ఒక్క మాటా అడగలేదు. నేను ఇన్ని వారాలు నా పరువు గురించే ఆలోచించాను, ఈ మనిషి తన మెదడుని పోగొట్టుకున్నాననుకుని కూర్చున్నాడు, అది పోలేదన్న మాట నా దగ్గర ఉంది, మూడు వారాలు డిస్కు అతికిస్తూ నా దగ్గరే పెట్టుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నాను.

ఆయన కోటు జేబులు తడుముకుని ఫోన్ తీసి, కూతురి నంబరు నొక్కి, చెవికి ఆనించాడు. "కారీ, ఏమే, పనిలో ఉన్నావా? ఉంటే ఉండు, విను. నాకేం కాలేదే. కాదు, తాగలేదు, పొద్దున పదకొండింటికి ఎవడు తాగుతాడు? నాకేం కాలేదంటున్నా. నా మాట నమ్మవుగా, నమ్మకు, ఇదిగో ఈవిడ చెబుతుంది." ఫోన్ నా ముందుకి చాపాడు. తీసుకున్నాను.

"ఎవరు?" అంది అవతల గొంతు, అనుమానంగా, అలిసిపోయి.

ఆయన తల వంచి, నా నోటి వంకే చూస్తూ, ప్రతి అక్షరం వినడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"నా పేరు లోర్నా హాస్కెట్," అన్నాను. "మీ నాన్న సరిగ్గానే చేశారు. తప్పు నాది."